అడ్మినిస్ట్రేటర్ గారికి వీడ్కోలు సభ

కర్నూలులో నాదొక చిన్న వెబ్ హోస్టింగ్ వ్యాపారం. ఎక్కడో అద్దెకు తీసుకున్న ఒకే ఒక్క సర్వర్‌లో పత్తి మిల్లులు, కల్యాణ మండపాలు, విత్తనాల షాపులు, ఒక పంటి డాక్టరు, అందరి వెబ్‌సైట్లూ ఒకే ఇంట్లో బాడుగకున్నవాళ్లలా ఉంటాయి. ఎవరి గది వాళ్లది. అన్ని తాళాలూ నా దగ్గర. ఆ తాళాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాత్రం నేను రాసింది కాదు, కొనుక్కున్నది.

ఒకరోజు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త వెర్షన్ పంపింది. అందులో ఒక ఘనకార్యం జరిగింది. కస్టమర్లు తమ వివరాలు మార్చుకునే పేజీలో, నాకొక్కడికే కనిపించాల్సిన గడి అందరికీ కనిపించింది. 'హోదా' అని ఆ గడి. కస్టమర్, ఏజెంట్, అడ్మినిస్ట్రేటర్. ఏది ఎంచుకుంటే అదైపోవడమే. దొంగబుద్ధి ఉన్నవాడికి పండగే. నా కస్టమర్లలో దొంగలు లేరు గానీ, మైదుకూరు పసుపు వ్యాపారి ఒకాయన ఉన్నాడు. అక్కడి వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు. ఫోన్ నంబర్ మార్చుకుందామని ఆ పేజీ తెరిచాడట. హోదా అడిగింది. అధ్యక్షుడన్న మాట కనబడలేదు కాబట్టి, దానికి దగ్గరగా తోచింది నొక్కాడు.

మర్నాడు పొద్దున నా సర్వర్ నన్ను కస్టమర్ అంది.

లోపల అడ్మినిస్ట్రేటర్‌గా ఈయన పేరు చూసి ఫోన్ చేశాను.

"ఔనప్పా, నేనే" అన్నాడు నిమ్మళంగా. "పైన ఇద్దరి పేర్లు ఉండాయి. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చుంటే బాగుండదని నిన్ను కిందికి దించినా. ఏమనుకోవద్దు."

నేనేం తక్కువ తినలేదు. ఫోన్ పెట్టకుండానే, అదే పేజీకి పోయి అదే గడిలోంచి నేనూ పైకెక్కుదామని చూశాను. గడి లేదు.

"ఎర్రగా ఒక బటన్ మెరుస్తాండె" అన్నాడాయన. "భద్రత అప్‌డేట్ అంట. నొక్కినా. నువ్వు చూసుకోలేదేమప్పా?"

కంపెనీవాళ్లు రాత్రికి రాత్రి తప్పు దిద్ది పంపితే, మహానుభావుడు తాను ఎక్కొచ్చిన నిచ్చెనను పైకి లాగేసుకున్నాడు. ఇంకో బటన్ ఏదైనా మెరిసి, దాన్నీ నొక్కాడంటే అందరి సైట్లూ, వాటితోపాటు నా బతుకుదెరువూ గాలికి పోతాయి. కంపెనీని అడిగితే, అడ్మినిస్ట్రేటర్ చెబితేనే మారుస్తామన్నారు. మండిపోతూ మైదుకూరు బస్సెక్కాను. ఓర్వకల్లు దాటేసరికి పంటి డాక్టరు ఫోన్ చేశాడు.

"కొత్త మేనేజర్‌ను పెట్టినావంటనే. శానా మర్యాదస్తుడబ్బా. సైటు బాగుండాదా అని ఆయనే ఫోన్ చేసి అడిగినాడు."

తెరమీద అందరి పేర్లూ నంబర్లూ కనిపించేసరికి ఆయన వరసగా ఫోన్లు చేసుకుంటూ పోయాడన్నమాట. తనకు తెలియంది ఎవరైనా అడిగితే, కనుక్కుని చెప్తా అన్నాడట. కనుక్కుని చెప్పాడట కూడా.

అంగట్లో పసుపు ఘాటుకు తుమ్ముతూ ఆయన్ని బతిమాలాను.

"నాకు దానిమీద ఆశ లేదప్పా" అన్నాడు. "కానీ దొంగ మాదిరి దిగను. పదవి నలుగురి ముందర ఎక్కల్ల, నలుగురి ముందర దిగల్ల."

"ఎక్కేటప్పుడు ఎవరున్నారన్నా ముందర?"

"అందుకే, దిగేటప్పుడన్నా ఉండల్ల."

ఆ వారంలోనే సంఘం హాల్లో సభ పెట్టాం. శాలువా, దండ, మైకు, అందరికీ ఉగ్గాని బజ్జీ. కస్టమర్లు ఒంటిమిట్ట నుంచి కూడా వచ్చారు. నా సర్వర్‌లోకి అనుమతి లేకుండా చొరబడి నన్నే దించేసిన మనిషి సేవలను కొనియాడుతూ నేను ప్రసంగించాను. ఆయన కళ్లు తుడుచుకుని, శాలువాతోనే లాప్‌టాప్ ముందు కూర్చుని, నన్ను అడ్మినిస్ట్రేటర్‌ని చేశాడు. తాను కస్టమర్‌గా దిగాడు. చప్పట్లు మోగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ఒంటిమిట్ట కల్యాణ మండపం యజమాని లేచి మైకు అందుకున్నాడు.

"ఇన్నేండ్లలో నా సైటు ఎట్లుండాదని అడిగిన మనిషి ఈయప్ప ఒక్కడే. ఈయప్పను ఎందుకు దించుతాండారో మాకు తెలీల్యా. కొంచెం చెప్పండప్పా."

మైకు నా చేతికొచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఉండింది, దాన్ని సరిచేశాం అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నామీద జాలిపడినవాడు ఆ శాలువా పెద్దమనిషొక్కడే. లేచొచ్చి నా భుజం తట్టి, బజ్జీలు చల్లారిపోతాండాయని సభ ముగించాడు.

ఇప్పుడు అడ్మినిస్ట్రేటర్‌ని నేనే. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలుసు. జనం మాత్రం సైటు ఆగితే మైదుకూరుకే ఫోన్ చేస్తారు. ఆయన నాకు చేస్తాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు? డాక్టర్ సైటు తెరుచుకోల్యా అంట. చూసి నాకు చెప్పు."

చూసి, ఆయనకు చెబుతాను.