రాహుకాలంలో ముట్టించిన పత్తికట్టె

2022 మార్చి. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పల్లెలకు నీళ్ళబండితో పరుగెత్తే అగ్నిమాపక కేంద్రంలో లీడింగ్ ఫైర్‌మన్‌గా ఉన్నాను. మాకు ఫోన్లన్నీ మంట లేచాక వస్తాయి. మంటకు ముందే పిలుపు పంపినవాడు నా ఉద్యోగంలో ఒక్కడే, ఈరన్న అనే పత్తి రైతు.

"సార్, శుక్రవారం పన్నెండు దాటినాక మా చేన్లో పత్తికట్టె కాలుస్తాండాము. ముహూర్తం బాగుందంట. మీరు బండి తీసుకొని రావల్ల."

"ముహూర్తం బాగుంటే బండెందుకప్పా?"

"ముహూర్తం స్వామిది, నీళ్ళు మీవి. రెండూ ఉంటే మంచిది గదా."

నవ్వొచ్చింది గానీ, ఆ వేళ విని కంగారు కూడా పట్టింది. శివరాత్రి దాటి, తొలివాన ఇంకా పడని ఈ రోజుల్లో మా మైదానంలో గడ్డిపోచ కూడా పెళపెళమంటుంది. పొద్దున గాలి కదలదు. పొద్దెక్కేకొద్దీ నల్లరేగడి కాగుతుంది, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, సుడులు తిరుగుతుంది. గాలిలోని తేమ పాలును మేం రిలేటివ్ హ్యుమిడిటీ అంటాం. మిట్టమధ్యాహ్నానికి అది బాగా పడిపోతుంది. అప్పుడు ఎగిరిన నిప్పురవ్వ ఎక్కడో దూరాన పడి కొత్త మంట పెడుతుంది. మా భాషలో అది స్పాటింగ్. పల్లెల్లో ఆ సుడిగాలిని దయ్యం గాలి అంటారు. ఆ దయ్యానికి ఎండపూటే ఎందుకు కాళ్ళొస్తాయని మాత్రం ఎవరూ అడగరు.

ఒకరోజు ముందే, గురువారం మధ్యాహ్నం, చేనికి వెళ్ళాను. గట్టు పక్కనే జొన్నచొప్ప వామి, దాని నీడలో కొత్తగా కొన్న గిత్తల జత. పోయిన వేసవిలో పత్తికట్టె మంట పాకి వామి కాలిపోయింది. మేత లేక పాత జతను సంతలో వదులుకున్నారు. ఈసారీ వామి కాలితే ఈ జతా పోతుంది. ముహూర్తం చూడకుండా ముట్టించినందుకే అలా జరిగిందని ఊరు తీర్పు చెప్పింది. అందుకని ఈ ఏడు పంచాంగం చూసే స్వామిని చేనిదాకా తెచ్చుకున్నారు. కట్టెను ముక్కలు చేసి భూమిలో కలిపేయరాదా అంటే, ఆ యంత్రం తమ ఊరికి రాలేదన్నారు.

"ఈరన్నా, పోయినేడు ఎప్పుడు ముట్టించినావు?"

"అన్నం తిన్నాక సార్. మిట్టమధ్యాన్నం."

"రేపు?"

"మిట్టమధ్యాన్నమే."

ఈరన్న భార్య లక్ష్మక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "పోయినేడు ఉత్త పున్నానికి కాలింది, ఈయేడు స్వామికి దక్షిణిచ్చి కాలుస్తాము."

నేను పిడికెడు మెత్తటి దుమ్ము తీసి పైకి ఎగరేశాను. అది నేరుగా పోయి వామి మీద పడింది. గిత్త ఒకటి చెవులు విదిలించింది.

స్వామి గొంతు సవరించుకున్నాడు. "అయితే మీ శాస్త్రం ప్రకారం ఎప్పుడు సారూ?"

"సోమవారం పొద్దున ఏడున్నరకు. కట్టె మీది చెమ్మ ఆరుతుంది, గాలి ఇంకా లేవదు."

"అది రాహుకాలం."

"మీ రాహుకాలం, నా మంచికాలం ఆ పూట ఒకటే స్వామీ."

ఈరన్న ముఖం వాడిపోయింది. లక్ష్మక్క మాత్రం లేచి చీర దులుపుకుంది. "గిత్తలు చొప్ప తింటాయా, పంచాంగం తింటాయా? నేనే ముట్టిస్తా. రాహువొస్తే నన్నడగమను."

సోమవారం వామి చుట్టూ గడ్డి గీకి నేల తేల్చాం. మంట దాటలేని ఆ ఖాళీ పట్టీని ఫైర్ లైన్ అంటాం. కట్టెను చిన్నచిన్న కుప్పలు వేశాం. లక్ష్మక్క ముందు దుమ్ము ఎగరేసింది. అది ఆమె కాళ్ళ మీదే పడింది. అప్పుడు అగ్గిపుల్ల గీసింది. పొగ నిట్టనిలువుగా లేచింది. ఒక కుప్ప ఆరాకే ఇంకోటి. దూరంగా గట్టు మీద నిలబడిన స్వామి మెల్లగా దగ్గరికొచ్చి చేతులు కాచుకున్నాడు. రాహుకాలం ముగియకముందే పని ముగిసింది. నివురు మీద శనక్కాయలు కాల్చుకొని అందరం తిన్నాం. స్వామి వాటా కొంచెం ఎక్కువే.

ఒక మూఢనమ్మకాన్ని కాల్చేశానని ఏడాదంతా చెప్పుకు తిరిగాను. మరుసటి వేసవిలో, ఒక గురువారం మధ్యాహ్నం, లక్ష్మక్క ఫోను.

"సార్, పక్కచేను తిమ్మప్ప అగ్గిపెట్టె పట్టుకొని నిలబడినాడు. రాహుకాలంలో ముట్టిస్తే మంట పాకదంట. మీరే చెప్పినారంట."

గురువారం రాహుకాలం ఒకటిన్నరకు మొదలవుతుంది. సరిగ్గా దయ్యం గాలి లేచే వేళ. "ఆపక్కా, బండి తెస్తున్నా."

"మీరొచ్చేదాకా గాలి కాసుకోనుంటాదా? అగ్గిపెట్టె చెంబులో ముంచినా. వాని చేత్తోనే దుమ్ము ఎగరేయించినా. సగం వాని మీసాల మీద, సగం మా వామి మీద పడె. ఇప్పుడు ఏ వారం మంచిదక్కా అని అడుగుతాండాడు. వారం కాదురా, దుమ్ము యాడికి పోతాదో చూడు అంటి."

ఇన్నేళ్ళ వాదనలు నాకు నేర్పనిది ఆ ఫోను నేర్పింది. ఫలానా గంటకు ముట్టించమని చెప్పి వస్తే, ఊరు దాన్ని ఇంకో ముహూర్తం చేసుకుంటుంది. లక్ష్మక్క మాత్రం నా దగ్గర గంట తీసుకోలేదు, దుమ్ము తీసుకుంది. అప్పటినుంచి ఏ పల్లెలో ఎవరు "ఎప్పుడు ముట్టించాలి సార్" అని అడిగినా నేను గడియారం చూడను. వంగి, పిడికెడు దుమ్ము తీసి వాళ్ళ చేతిలోనే పోస్తాను.