పూతలపట్టు దాటేదాకా గడువు

ఈరోజు పొద్దున కొట్టకూడని చోట గంట కొట్టాను. మా అపార్ట్‌మెంటు కింది హాల్లో భార్యాభర్తల జంటలకు జనరల్ నాలెడ్జి పోటీ పెట్టారు. ప్రశ్నలడిగే పెద్దరికం నాది. ఎదురుగా బల్లమీద గడువు అయిపోగానే కొట్టడానికి ఒక గంట. పోటీలో మా అక్కా బావా కూడా ఉన్నారు. వాళ్లు ఉండేది మా పై అంతస్తులోనే అయినా, చెవులు మందగించినప్పటినుంచి బావ నలుగురిలోకి రావడం మానేశాడు. చెవిలో మిషను పెట్టుకున్నా సగం మాటలు జారిపోతాయని, అందరూ నవ్వాక తాను నవ్వాల్సి వస్తుందని ఆయన బాధ. ఈ ఒక్కపూట సరదాగా గడిస్తే మళ్లీ మనుషుల్లో పడతాడని అక్క ఆశ. ఆయన్ను బతిమాలి కిందికి దించింది నేనే.

జాజ్ సంగీతంలో వినిపించే శాక్సఫోన్ ఇత్తడితో చేసిందే అయినా దాన్ని ఏ జాతి వాద్యాల్లో కలుపుతారని అడిగాను. బావ కళ్లు మెరిశాయి. “మన పెండ్లిండ్లలో నాదస్వరం ఉండాది చూడండి, దాని నోటికాడ...” అని ఎత్తుకున్నాడు. సొంత బావకని ఎక్కువ సమయం ఇచ్చానంటారేమోనన్న భయంతో గంట కొట్టేశాను. అది వినబడక ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. “మా బావను తిరపతికి దోవ అడిగితే కాళాస్తి మీదుగా తిప్పి చెప్తాడు” అని గట్టిగా అన్నాను. హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు మాత్రం ఆయనకు బాగానే వినబడింది. పక్క జంట ఊదే చెక్క వాద్యాలని ఒక్కమాటలో చెప్పి గెలిచింది. బావ టిఫిను కూడా ముట్టకుండా పైకి వెళ్లిపోయాడు.

కాసేపటికి అక్క ఫోను. “పిలిచిందీ నువ్వే, నవ్వులపాలు చేసిందీ నువ్వే గదరా! మీ బావ మిషను తీసి డబ్బాలో పెట్టేసినాడు. ఇంక కిందికి దిగేదే లేదంటాడు. నేను ఎవరితో మాట్లాడేది, గోడతోనా?”

మధ్యాహ్నం అన్నం సయించలేదు. చిత్తూరు నుంచి తిరుపతికి బావా నేనూ ఆఫీసులకు తిరిగిన రోజులే గుర్తుకొచ్చాయి. నా ఈడువాళ్లు అలాంటి పొద్దుటి బస్సు ఏదో ఒకటి ఎక్కే ఉంటారు. రోజూ అవే ముఖాలు, అవే క్యారియర్లు, ఎవరి సీటు ఎవరిదో కండక్టరుకు కూడా కంఠతా వచ్చిన బస్సు. వెనక సీట్లలో మా బావ నడిపే ప్రశ్నల కచేరీకి ఒక కట్టుబాటు ఉండేది. బస్సు స్టాండు వదలగానే ప్రశ్న వేస్తాడు, పూతలపట్టు దాటేదాకా గడువు, అప్పటికీ ఎవరికీ తోచకపోతే ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్లు లేచి చంద్రగిరిదాకా నిలబడాలి, వాళ్ల సీటులో ఏ ముసలమ్మో హాయిగా కూర్చుంటుంది. ఆ ముసలమ్మలు మేము ఓడిపోవాలని బాహాటంగానే కోరుకునేవాళ్లు.

ప్రశ్నలకు కావలసిన సరుకంతా బావ పాత పేపర్ల అంగడిలో ఏరుకున్న ఇంగ్లీషు పత్రికల్లో దొరికేది. ఎర్రటి వస్త్రం భుజాలకు కట్టుకుని ఆకాశంలో ఎగిరే బొమ్మల పుస్తకం వీరుడు మామూలు బట్టల్లో ఉన్నప్పుడు ఏ ఉద్యోగం చేస్తాడని ఒకరోజు అడిగాడు. పత్రికా విలేఖరి అని తేలేసరికి, మాతోపాటు వచ్చే ఒక విలేఖరి ఛాతీ రెండింతలైంది. కండక్టరు ఊరుకుంటాడా? “అయితే ఎగిరి రాకూడదాప్పా, నా బస్సెందుకు నీకు?” అన్నాడు. పాపం, ఆయన చాలాకాలం ఆ ఎగతాళి మోశాడు.

బావ ఏ జవాబూ తిన్నగా చెప్పేవాడు కాదు. విమానం తయారుచేసిన అన్నదమ్ములు అంతకుముందు ఏ వ్యాపారం చేసేవాళ్లంటే, సైకిల్ షాపు అని మేమైతే ఒక్కముక్కలో తేల్చేస్తాం. ఆయన మాత్రం మేమంతా సైకిల్ నేర్చుకుంటూ పడిన గుంతల దగ్గర మొదలుపెట్టి, బండి పడకుండా నిలబెట్టేది తొక్కేవాడి ఒళ్లేనని, గాలిలో యంత్రాన్నయినా నడిపేవాడే నిలబెట్టుకోవాలన్న ఆలోచన వాళ్లకు ఆ సైకిళ్లతోనే వచ్చిందని చెప్పేవాడు. మేము ముందే చెప్పేస్తే, దాన్ని విప్పి చెప్పడానికి ఆయనకూ పూతలపట్టే గడువు. ఆరోజు అది దగ్గరికొస్తున్నా ఆయన చెప్పడం పూర్తి కాలేదు. చెవి ఇటే పడేసి తోలుతున్న డ్రైవరు “ఇంకా కాలేదా అబ్బా?” అని వేగం తగ్గించాడు. ఆ పొద్దు అందరం ఆఫీసులకు ఆలస్యంగానే వెళ్లాం. నాకు చివాట్లూ పడ్డాయి, అయినా దారంతా నవ్వుకున్నాను.

సాయంత్రం ముందుగా మా అపార్ట్‌మెంటు వాళ్ల ఫోను గ్రూపులో నా గొంతుతోనే రికార్డు చేసి పెట్టాను: మా బావ సరైన జవాబుకే వస్తున్నాడు, అడ్డుపడిందీ ఎగతాళి చేసిందీ నేనే, తప్పు నాది. తరువాత మెట్లెక్కి పైకి వెళ్లాను. చెవిలో మిషను లేదు కాబట్టి “తప్పయింది బావా” అన్నది ఆయనకు అందలేదు. గొంతు పెంచాను. “ఏంది? ఇంకొకసారి చెప్పు” అన్నాడు. ఇంకా గట్టిగా అరిచేసరికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. రెండోసారే వినబడి ఉంటుందని నా అనుమానం. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను యాడ ఆపినాను?” అన్నాడు బావ.

“నాదస్వరం నోటికాడ” అని అదే గొంతుతో అరిచాను.

ఆయన డబ్బా తెరిచి మిషను చెవిలో పెట్టుకున్నాడు. “ఊ, అయితే కూర్చో. ఆడ రెల్లుతో చేసిన నాలుక ఉంటాది...” అని అందుకున్నాడు. వాద్యం ఒళ్లు ఇత్తడిదైతేనేం, మొదటి ఊపిరి తగిలేది రెల్లుకే కదా, అందుకే అది చెక్క జాతిలో పడిందంటూ, అక్కడినుంచి తన పెళ్లినాటి మేళానికీ, ఆరోజు మా నాయన మేళగాళ్లతో పడిన గొడవకూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరచేతిలో వెలుగుతుంది. అది సుఖమే, నేనూ రోజూ వాడుకుంటున్నదే. కాని ఒక మనిషి జవాబు చెబుతుంటే అతని వెంట అంతదూరం పోయే ఓపిక మనలో ఎప్పుడు పోయిందో తెలియదు. నా మటుకు నేను ఈ సాయంత్రం ఫోను ఇంట్లోనే వదిలి వచ్చాను. అక్క అన్నానికి లేవమని పిలిచే సమయానికి బావ ఇంకా పెళ్లిపందిట్లోనే ఉన్నాడు; “ఆ తరువాత?” అన్నాను నేను.