డిటెక్టివ్ చిరునామా

ఈ రోజు మెట్‌పల్లిలో నేతపని చేసే ఒకామె తిరిగొచ్చిన ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. షోలాపూర్ మిల్లుకు పోయిన ఆమె భర్త జాడ ఏడాదిగా లేదు. నవలల్లో తప్పిపోయినవాళ్లను వెతికిపెట్టే ఆడ డిటెక్టివుకు, పుస్తకంలో ఉన్న చిరునామాకే ఆ ఉత్తరం రాయించింది.

“పేపరోళ్లు గద సారూ, గామె అసలు అడ్రస్ మీకు ఎర్కుంటది. జర చెప్పుండ్రి.”

“అది కల్పిత పాత్రమ్మా. అలాంటి మనిషి లేదు,” అన్నాను.

“అయితే గామెకు దొరికినోళ్లు సుత అబద్ధమేనా?”

అవునన్నాను. ఉత్తరం మడిచి కొంగులో దోపుకుని వెళ్లిపోయింది.

ఇరవయ్యేళ్లుగా విలేకరిని. బస్సెక్కాక గానీ తట్టలేదు, ఆమె భర్త పేరు అడగలేదని. ఆ డిటెక్టివ్ అయితే ముందు అదే అడిగేది.

షోలాపూర్‌లో మెట్‌పల్లి మనిషి ఎవరైనా మీకు తెలిస్తే రాయండి. పేరేమిటని మాత్రం నన్నడగకండి.