కారు బయటికి, క్లాసు లోపలికి

మా ఇంట్లో వేడి పెంచి తగ్గించే థర్మోస్టాట్‌కి కాపలాదారుణ్ణి నేను. ఎవరైనా ఒక్క డిగ్రీ పెంచితే మెట్లు దిగుతుండగానే నాకు తెలిసిపోతుంది. ఎవరు పెంచారని అడుగుతాను. ఎవరూ ఒప్పుకోరు. నేను తగ్గించి స్నానానికి వెళ్తాను, వచ్చేసరికి మళ్ళీ పెరిగి ఉంటుంది. అమెరికాలో ఈ రెడ్‌మండ్‌కి వచ్చి ఇన్నేళ్ళయినా ఈ ఆటలో ఒక్కసారీ నెగ్గలేదు. అలాంటివాణ్ణి ఒక చలికాలం గరాజ్‌లో రెండు కరెంటు హీటర్లు పెట్టడానికి ఒప్పుకున్నానంటే, అది నా భార్య డ్యాన్సు క్లాసు కోసం.

ఆమెది కూచిపూడి. పెళ్ళై ఇక్కడికొచ్చిన కొత్తలో ఆమె వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు. నేను పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. రోజంతా ఏం చేశావని అడిగితే, వాన చూశాను అనేది. ఆ వానలోనే పక్క అపార్ట్‌మెంట్ పిల్లలిద్దరికి ఊరికే అడుగులు నేర్పడం మొదలుపెట్టింది. ఇల్లు కొన్నాక క్లాసు మా గరాజ్‌లోకి మారింది. శనివారం పొద్దున్నే నేను కారు బయటికి తీస్తాను, ఆమె నేల కడుగుతుంది, పదింటికి పిల్లలు చెప్పులు వరసగా విడిచి లోపలికొస్తారు. గ్రీన్ కార్డు వచ్చాక ఇప్పుడు ఉద్యోగం చూసుకోవచ్చుగా అన్నాను. నాకు ఉద్యోగం ఉందిగా అంది. అప్పటికి ఇరవైమంది పిల్లలు.

గరాజ్ అంటే ఏముంది, చెక్క నిట్టాళ్ళు, వాటికి బయట పక్క పలకలు, కింద కాంక్రీటు. లోపలి గోడల్లో ఏమీ లేదు. నవంబరు వచ్చిందంటే ఆ నేల మీద అరికాలు పెట్టలేం. డ్యాన్సుకి బూట్లు పనికిరావు, సాక్స్ వేసుకుంటే జారిపడతారు. అందుకని ఆ రెండు హీటర్లు. అవి వాటి ముందు నిలబడ్డ ఇద్దరు పిల్లల్ని తప్ప ఎవర్నీ కాచలేదు. పైగా మా పడకగది గరాజ్ మీదే ఉంటుంది. కింద నుంచి చలి ఎక్కుతుంటే ఇంటి హీటర్ కూడా పొద్దస్తమానం తిరుగుతూనే ఉండేది. ఆ నెల బిల్లు చూసి నాకు మండిపోయింది. మనం ఊరంతటికీ హీటింగ్ పెడుతున్నాం అన్నాను, అది కూడా పిల్లల్ని దింపడానికి వచ్చిన ఒక తల్లి వింటుండగా.

నా భార్య మరుసటి శనివారం హీటర్లు వెయ్యకుండానే క్లాసు నడిపింది. ఆ తర్వాత కూడా వెయ్యలేదు. పిల్లలు ఒక్కొక్కరే తగ్గారు. చలి అని ఎవరూ అనలేదు, ఒకరికి స్విమ్మింగ్, ఒకరికి మ్యాథ్స్ కోచింగ్. ఫిబ్రవరికి ఆరుగురు మిగిలారు. కొత్తవాళ్ళు ఫోన్ చేసి చేర్చుకుంటారా అని అడిగితే "చూద్దాం అండీ" అని పెట్టేసేది. ఒకరోజు గిన్నెలు సర్దుతూ, మామూలు విషయం చెప్పినట్టే చెప్పింది. వచ్చే చలికాలం కూడా ఇలాగే ఉంటే ఇక క్లాసు ఆపేస్తానని.

నాకు ఆఫీసుంది, బ్యాడ్జి ఉంది, నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు నాలుగొందల మంది ఉన్నారు. ఈ దేశంలో ఆమె సొంతంగా కట్టుకున్నది ఈ ఒక్క క్లాసు. అది నా నోటి దురద వల్ల మూతపడితే నా ముఖం నేను చూసుకోలేను. ఆమెకి క్షమాపణ చెప్పడం చేతకాక, సెప్టెంబరులో గరాజ్ గోడల్లో చలి ఆపే ఇన్సులేషన్ చేయిస్తానన్నాను. చేయించడానికి కొటేషన్ అడిగి, అది చూశాక, నేనే చేస్తానన్నాను.

నాలుగు వీడియోలు చూసి, గులాబి రంగు ఫైబర్‌గ్లాస్ చుట్టలు కారు నిండా తెచ్చుకున్నాను. చూడ్డానికి పీచుమిఠాయిలా మెత్తగా ఉంది. ఇంట్లో ఏ పని చేసినా నా యూనిఫారం ఒకటే, లుంగీ, బనీను. ఆ అవతారంలోనే నిచ్చెనెక్కి రెండు గంటలు పనిచేశాను. తర్వాత రెండు రోజులు నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. ఆ పీచు గాజుదని, కంటికి కనపడని ముళ్ళలా ఒంట్లో దిగుతుందని వీడియోలో చెప్పారు, నేనే ఆ ముక్క దాటేసి చూశాను. దురదకి కొబ్బరినూనె రాసుకున్నాను. అది ఇంకా పాకింది. సోమవారం మీటింగ్‌లో నేను కూర్చోలేక నిలబడి మాట్లాడితే, మా మేనేజర్ నా ఉత్సాహాన్ని మెచ్చుకున్నాడు.

ఎదురింట్లో ఒక అమెరికన్ పెద్దాయన ఉంటాడు. జన్మంతా ఇళ్ళు కట్టే పనిలో ఉండి రిటైరయ్యాడు, ఒంటరిగా ఉంటాడు. అప్పటిదాకా మా స్నేహమంతా చెత్తడబ్బాలు బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపుకోవడమే. నేను లుంగీతో నిచ్చెన మీద ఉండటం ఆయన తన వంటింటి కిటికీలోంచి చూశాడట. ఆ వారం ఒక మాస్కూ, పొడుగు చేతుల పాత చొక్కా పట్టుకుని వచ్చాడు. నేను పెట్టిన గోడంతా ఒకసారి చూసి, మొత్తం పీకేశాడు. ఆ పీచుకి ఒక పక్క కాగితం ఉంటుంది, అది వెచ్చగా ఉండే లోపలి వైపుకి రావాలి. నేను బయటికి పెట్టాను. అలా ఉంటే గోడలో తడి చేరి బూజు పడుతుందట. నాకు కోపం వచ్చింది, నా మీదే. ఆయన ఆ కోపాన్ని అసలు పట్టించుకోలేదు, టేపు ఇటు పట్టుకో అన్నాడు.

అలా ఐదు శని ఆదివారాలు ఆయన దగ్గర పనిచేశాను. కత్తిరించడం నాకిచ్చాడు, దిగ్గొట్టడం ఆయన చేశాడు. పీచుని కుక్కకూడదని, అందులో గాలి నిలవుంటేనే వెచ్చదనం అని చెప్పాడు. పైకప్పు దూలాల మధ్య నింపాం, గోడల మీద జిప్సం బోర్డు వేశాం. పెద్ద తలుపు బరువెక్కితే ఎత్తే స్ప్రింగు పాడవుతుందని దానికి తేలికైన ఫోమ్ పలకలు మాత్రమే అతికించాం, కింద రబ్బరు పట్టీ వేశాం. గరాజ్ మూలన గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. ఇల్లంతా బిగించేద్దామన్న ఊపులో నేను దానికి గాలి వచ్చే జాలీ కూడా మూసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అది మూస్తే విషవాయువు చేరి మనుషులు పోతారు అన్నాడు. ఆ పనుల మధ్యలో నేను ఎంత సణిగినా విసుక్కోని మనిషి ఆ ఒక్కసారే గట్టిగా మాట్లాడాడు.

ఇంకా ఎక్కడైనా గాలి చొరబడుతోందేమో చూడాలి, పొగ వచ్చేదేమైనా ఉందా అని అడిగాడు. నా భార్య దేవుడి గదిలోంచి అగరుబత్తి వెలిగించి తెచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని గోడల వెంట మెల్లగా నడిచాడు. పొగ నిటారుగా లేస్తే సరే, పక్కకి వంగిన చోట నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. పదకొండు చోట్ల వంగింది. ఆమె వెనకే నడుస్తూ, ఇన్నేళ్ళలో ఈ గరాజ్‌కి ఇంత శ్రద్ధగా ధూపం ఎవరూ వెయ్యలేదంది. ఆరోజు మధ్యాహ్నం ఆయన నాలుగు పెసరట్లు తిన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు, అల్లం పచ్చడి ఉంటే ఒక సీసా ఇమ్మన్నాడు.

గోడలయ్యాయి. నేల ఒక్కటే మిగిలింది. అక్కడ ఎవర్నీ అడక్కుండా నేనే ఒక తెలివైన పని చేశాను. జిమ్ముల్లో వేసే మందపాటి ఫోమ్ మ్యాట్లు, ముక్కలు ముక్కలుగా ఒకదాన్లో ఒకటి ఇరికించేవి, తెప్పించాను. పొద్దున్న పరవచ్చు, క్లాసయ్యాక తీసేసి మళ్ళీ కారు పెట్టుకోవచ్చు. ఆ కారు నేను అంతకుముందు ఏడాదే కొన్నాను, ఇష్టపడి కొన్నాను. వానకి అది బయటుంటే నాకు నిద్ర పట్టదు.

నవంబరు మొదటి శనివారం పిల్లలొచ్చారు. కోట్లు విప్పారు, మ్యాట్ల మీద గెంతారు, బాగుందన్నారు. నేను ఇంట్లోంచి గరాజ్‌లోకి తెరుచుకునే తలుపు దగ్గర మెడల్ కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాను. నా భార్య అడుగులు మొదలుపెట్టింది. పది నిమిషాలకి ఆపింది. మళ్ళీ మొదటినుంచి వేయించింది. మళ్ళీ ఆపింది. ఆ తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి కథ చెప్పి పంపించేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఐదు వారాలు ఒళ్ళంతా గోక్కుంటూ చేశాను, వెచ్చగా ఉంది కదా, ఇంకా ఏం కావాలని అరిచాను. ఆమె మ్యాట్ మీద కాలితో గట్టిగా ఒక తట్టు తట్టింది. దిండు మీద కొట్టినట్టు వినపడింది.

"వెచ్చగానే ఉందండీ. కానీ ఎవరు అడుగు తప్పేస్తున్నారో నాకు వినపడటం లేదు."

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం నా ఇంట్లోనే జరుగుతున్న పని, నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. మా గరాజ్‌లో అద్దాలు లేవు. తన కుడి చూసి పిల్లలు కుడి వెయ్యాలని ఆమె వాళ్ళకి వీపు పెట్టి, ముందు నిలబడి ఆడుతుంది. వెనక ఏం జరుగుతోందో ఆమెకి చెప్పేది చెవులే. రెండో వరసలో మూడో పిల్ల ఎడమకాలు ఆలస్యంగా వేస్తోందని వెనక్కి తిరక్కుండానే అంటుంది. అడుగు చప్పుడు లేకపోతే ఆమెకి పిల్లలే లేరు. నేను వెచ్చదనం పేరుతో ఆమె చెవులు మూసేశాను. కాంక్రీటు మీద చలికి ఓర్చుకుని నేర్పింది గానీ, ఈ మ్యాట్ల మీద అసలు నేర్పలేకపోయింది. ఇక ఆపేస్తే నయమేమో అని ఆమె అన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఎదురింటికి వెళ్ళి తలుపు తట్టాను. పెద్దాయన కాఫీ కప్పుతోనే వచ్చి మ్యాట్లని బూటుతో తొక్కి చూశాడు. కాంక్రీటు మీద గట్టి ఫోమ్ పలకలు పరిచి, వాటి మీద రెండు వరసల ప్లైవుడ్ బిగిస్తే చలి రాదు, చెక్క కాబట్టి చప్పుడు బాగా పలుకుతుంది, పిల్లల మోకాళ్ళకీ మంచిది అన్నాడు. మరి సాయంత్రం కారు పెట్టుకోవచ్చా అని అడిగాను. ఆయన కాఫీ ఒక గుక్క తాగాడు.

"ముందు ఇది కారు షెడ్డో బడో తేల్చుకో. ఆ తర్వాత నేల సంగతి చూద్దాం."

నేను వెనక్కి తిరిగి చూస్తే నా భార్య మ్యాట్లు ఒక్కొక్కటే ఊడదీసి గోడకి ఆనిస్తోంది. కారు బయటే ఉంటుందని చెప్పాను. నేను అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు ఆ మాట చెప్పడం.

వారం తిరిగేసరికి పిల్లల తండ్రులు ముగ్గురు సాయానికొచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు, నేనైతే అడగలేదు. ముగ్గురూ సాఫ్ట్‌వేరే, స్క్రూ గన్ పట్టుకోవడం అందరికీ మొదటిసారే. ఒకాయన ప్రతి స్క్రూకీ "ఇది ఓకేనా అంకుల్" అని పెద్దాయన్ని తెలుగులోనే అడిగేవాడు, ఆయన ఇంగ్లీషులో అవునో కాదో చెప్పేవాడు. వాళ్ళలో ఒకరి పాప పోయినేడు మానేసింది. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మధ్యాహ్నం అందరం పులిహోర తిన్నాం. ఆ రోజు వాళ్ళ మీద నాకు కలిగిన కృతజ్ఞత చెప్పుకోవడానికి మొహమాటపడి, ఇంకొంచెం పెట్టుకోండి, ఇంకొంచెం పెట్టుకోండి అని బలవంతపెట్టాను.

ఆ చలికాలం బిల్లు తగ్గింది. పైన పడకగదిలో ఇప్పుడు ఉత్త కాళ్ళతో నడుస్తున్నాం. రోజూ పొద్దున్న కారు అద్దం మీద మంచు గీక్కుంటాను, చేతులు కొంకర్లు పోతాయి, సణుగుతాను. అలవాటు.

కొత్త నేల మీద మొదటి క్లాసు నాడు బయట గడ్డకట్టే చలి. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, ఈసారి కాస్త వెనగ్గా. పోయినేడు మానేసిన ఆ పాప మళ్ళీ చేరింది, ఏడుగురయ్యారు. నా భార్య వీపు పెట్టి నిలబడి తకిట తకధిమి అనగానే పద్నాలుగు కాళ్ళ చప్పుడు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. రెండు నిమిషాలు కాకముందే, వెనక్కి చూడకుండా, "చివర నిలబడ్డ అమ్మాయీ, మడమ ముందు కాదు, పాదం మొత్తం" అంది. ఆ గొంతులో ఆ చనువూ ఆ చిరాకూ విని నా కళ్ళు తడయ్యాయి.

క్లాసు చివర పిల్లలు భూమికి నమస్కారం చేస్తారు. ఇంతసేపూ కాళ్ళతో తొక్కినందుకు క్షమించమని నేలని తాకి కళ్ళకద్దుకుంటారు. కాంక్రీటు రోజుల్లో వేలి కొసలు తగిలించి చటుక్కున లాగేసుకునేవాళ్ళు. ఆరోజు అందరిలోకీ చిన్నది, ఆరేళ్ళది, రెండు అరచేతులూ నేలకి ఆనించి, ఇక తియ్యలేదు. "ఆంటీ, కోల్డ్ లేదు" అంది. మిగతావాళ్ళూ చేతులు ఆనించి అలాగే ఉండిపోయారు. నా భార్య కూడా మోకాళ్ళ మీద వంగి, చేతులు నేలకి పెట్టి, తల దించుకుని చాలాసేపు ఉంది. లేచేసరికి ముక్కు ఎర్రబడింది.

ఆ ఆరేళ్ళ పాప తల్లి బయట తలుపు దగ్గర చిన్నకూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. రెండోదాన్ని కూడా చేర్చుకోమని వేసవిలో రెండుసార్లు అడిగిందావిడ. ఇప్పుడు మళ్ళీ మొహమాటంగా, దసరా ఎలాగూ వెళ్ళిపోయింది కదండీ, ఇక వచ్చే విజయదశమి దాకా ఆగాలేమో అంది. నా భార్య మాట్లాడేలోపు నేను తలుపు దగ్గరనుంచి ముందుకొచ్చాను. ఇక చూద్దాం అండీ అంటుందేమోనని.

"ఎందుకండీ ఆగడం. వచ్చే శనివారం పదింటికి తీసుకొచ్చేయండి" అంది.