ఒంటికి పట్టని తిండి

మా కొత్త తొట్టి కూసిన రోజు నుంచి మొదలుపెడతాను. తొట్టి అంటే ఎత్తైన మేడల పైనుంచి తాళ్ళకి వేలాడే ఇనప పెట్టె. అందులో ఇద్దరం నిలబడి, ఒక్కో అంతస్తు దిగుతూ, బయటి అద్దాలు కడుగుతాం. ఒకరు సబ్బునీళ్ళు పూస్తే రెండోవారు రబ్బరు పట్టీతో లాగేస్తారు. పంతొమ్మిదేళ్ళుగా పూసేది నేను, లాగేది పుల్ల.

పుల్ల అన్నది అతని పేరు కాదు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, దానితో ఎవరికీ పని పడదు. మనిషి యాభై ఆరు కిలోలు. పెళ్ళిలో అంతే, ఈవేళా అంతే. నేను నూట పన్నెండు, అంటే సరిగ్గా ఇద్దరు పుల్లలు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు గానీ అతను నన్ను బావా అంటాడు, నేనూ అతన్ని బావా అంటాను. అతని భార్య నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఆ వరసలు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, అలా కుదిరిపోయాయి.

పాత తొట్టి ఎవరి బరువూ పట్టించుకునేది కాదు. కొత్తది అలా కాదు. బరువు మించితే గంట కొట్టి, కదలనని మొండికేస్తుంది. మొదటిరోజు మేడ మీద ఆఫీసువాళ్ళు ఆరుగురు చూస్తుండగా పుల్ల ఎక్కాడు, రెండు బకెట్లు ఎక్కించాం, నేను కాలు పెట్టాను. కూసింది. కాలు తీశాను, ఊరుకుంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ కూసింది. ఒకాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన్ని నేనేమీ అనుకోలేదు. నేనైనా నవ్వేవాణ్ణే.

సూపర్‌వైజర్ మమ్మల్ని పక్కకి పిలిచాడు. "మీ ఇద్దరూ కలిపి నూట అరవై కిలోలు దాటకూడదు. ఎనిమిది ఎక్కువున్నారు. మూడు నెలలు టైమిస్తాను, అందాకా ఒక బకెట్‌తో సరిపెట్టుకోండి. అప్పటికీ ఇది కూసిందంటే నువ్వు కింద పార్కింగులో నేల కడుగుదువు గాని. పుల్లకి ఇంకొకర్ని చూస్తాను."

నేల కడగడం చెడ్డ పనేం కాదు. కానీ నాకు పైన ఉండటం ఇష్టం. కింద బస్సెక్కితే సీటుకి అడ్డం, కొట్లోకి వెళ్తే దారికి అడ్డం. పైన మాత్రం ముప్ఫై అంతస్తుల గాలిలో నేను ఎవరికీ అడ్డం కాదు. పైగా పుల్ల పక్కన మరొకడు నిలబడి సబ్బు పూస్తాడన్న ఊహే నాకు ఒంట్లో మంట పుట్టించింది.

తగ్గడం ఎలాగని ఎవర్ని అడిగినా సలహాలకి కొదవలేదు. విచిత్రమేమిటంటే చెప్పినవాళ్ళంతా లావుగానే ఉన్నారు. ఒకాయన రాత్రిభోజనం మానెయ్యమన్నాడు, ఇంకొకాయన పొద్దున్న మానెయ్యమన్నాడు, ఇద్దరి మాటా విన్నాక నాకు మధ్యాహ్నం ఒక్కటే మిగిలింది. సన్నటివాణ్ణి పక్కన పెట్టుకుని వీళ్ళని అడగడమేమిటని పుల్లనే అడిగాను.

"బావా, నువ్వు తిండి గురించి ఏమనుకుంటావు?"

అతను పట్టీ ఆపాడు. "ఎప్పుడు?"

"తిననప్పుడు."

"తిననప్పుడు తిండి గురించి ఎందుకు అనుకుంటాను?"

అతను వేళాకోళమాడటం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. నేనైతే పొద్దున్న తింటూ మధ్యాహ్నం గురించి, మధ్యాహ్నం తింటూ సాయంత్రం గురించి ఆలోచించేవాణ్ణి. అందరూ అంతేననుకున్నాను. ఇలా కాదని ఒక నోట్‌బుక్ కొన్నాను. పుల్ల ఏం తింటే అది రాసి, నేనూ అంతే తినాలని పట్టుపట్టాను.

అతన్ని అలా కనిపెట్టి చూడటం అదే మొదటిసారి. పంతొమ్మిదేళ్ళలో అతని మోచేతులు చూశాను గానీ అతను తినడం చూడలేదు, ఆ టైములో నేను నా గిన్నెలోకి చూస్తుంటాను గదా. చూస్తే తెలిసింది, అతను నోరు కట్టుకునే మనిషి కాదు. వేపుళ్ళు తింటాడు, మిఠాయి తింటాడు, టీలో చక్కెర రెండు చెంచాలు. ఆకలేస్తోంది బావా అని, మరో అరగంట తీరిగ్గా అద్దాలు లాగుతాడు. నాకు ఆకలేస్తే కడుపులో ఎలుకలు పరిగెడతాయి, ఎదురుగా ఉన్న మనిషి మాట కూడా వినపడదు. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని కేకు పెడితే, అతను ఒక ముక్క కొరికి బాగుందని చెప్పి, ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టి, కబుర్లలో పడి మరిచిపోయాడు. నేను గది అవతలి మూల నుంచి కూడా ఆ కేకుని మరిచిపోలేకపోయాను. చివరికి వెళ్ళి తినేశాను.

ఒకసారి బంధువులింట్లో భోజనానికి వెళ్ళి బాగా ఎక్కువ తిన్నానన్నాడు. మర్నాడు కడుపు మాడ్చుకుంటాడేమో, నోట్‌బుక్‌లో రాద్దామని చూశాను. అలాంటిదేమీ లేదు. మామూలుగానే క్యారేజీ తెరిచాడు, రెండు ముద్దలు తిని "ఆకలి లేదు" అని మూసేశాడు. నిన్నటి గురించి పశ్చాత్తాపం లేదు, రేపటి గురించి ఒట్లూ లేవు. నేనలా తిన్న మర్నాడల్లా ఒట్లు వేసుకుంటాను. సాయంత్రానికల్లా ఒట్టు గట్టున పెట్టి తింటాను.

మూడు వారాలు అతను తిన్నంతే తిన్నాను. ఇంట్లో నేనొక్కణ్ణే, నా డబ్బా నేనే కట్టుకుంటాను కాబట్టి అడ్డుపడేవాళ్ళు లేరు. రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికిన గుడ్డు, ఒక పండు. మూడోవారం చివర మందులకొట్లో బరువు చూసుకుంటే నూట పదమూడు. మిషను పాడైందన్నాను. కొట్టాయన తనెక్కి చూపించాడు, పాడవలేదు.

మర్నాడు మేడ మీద నోట్‌బుక్ పుల్ల చేతిలో పెట్టాను. అతను ఓపిగ్గా ఒక్కో పేజీ తిప్పాడు.

"బావా, నా క్యారేజీలో మిగిలింది రోజూ నువ్వే తింటావుగా. అది రాయలేదేం?"

"అది తినడం కాదుగా. పారేయకుండా చూడటం."

ఆ మాట నేను నవ్వించడానికి అనలేదు. అన్నాక నాకే వినపడింది. ఇద్దరం కాసేపు క్యారేజీ వైపు చూశాం. మూడు గిన్నెల క్యారేజీ. పుల్ల తినేది పైగిన్నెలో సగం. తక్కిన రెండున్నరా పంతొమ్మిదేళ్ళుగా నా చేతిలో ఖాళీ అవుతున్నాయి.

అది మొదలైన తీరు చెబుతాను. అతని పెళ్ళైన మొదటివారం. కొత్తకోడలు చిన్న డబ్బా కట్టి ఇచ్చింది. పుల్ల నాలుగు ముద్దలు తిని, మిగిలింది ఇంటికి పట్టుకెళ్తే చిన్నబుచ్చుకుంటుందని నా ముందు పెట్టాడు. నేను పుణ్యానికి ఖాళీ చేశాను. డబ్బా ఖాళీగా వచ్చేసరికి పాపం చాలలేదనుకుని ఆ అమ్మాయి మర్నాడు ఇంకాస్త పెట్టింది. అదీ ఖాళీ అయింది. నెల తిరిగేసరికి రెండు గిన్నెలు, ఏడాదికి మూడు. మా ఇంట్లో ఏడుగురు పిల్లలం, కంచం కడిగినట్టు కనపడితేనే అమ్మ లేవనిచ్చేది. గిన్నెలో ఏదైనా మిగిలి ఉండగా మూత పెట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆవిడ మాత్రం వాకిట్లో కనపడిన ప్రతివాళ్ళతోనూ చెప్పుకునేది. "మా ఆయన తినే తిండి మీరు చూడలేదు. మూడు గిన్నెలు! అయినా ఒంటికి పట్టదు." నులిపురుగులేమోనని రెండుసార్లు మందు మింగించింది. ఏటా ఒక టానిక్ సీసా. పుల్ల నోరు మెదపకుండా అన్నీ తాగాడు.

"ఇవాళ్టి నుంచి మిగిలింది ఇంటికి పట్టుకెళ్ళు," అన్నాను.

"పంతొమ్మిదేళ్ళు తిన్నానని చెప్పాను బావా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? పారబోసేద్దాం."

పారబోయడానికి గిన్నె పట్టుకుని లేచాడు కూడా. నేను చూడలేక కళ్ళు మూసుకున్నాను, తెరిచి గిన్నె లాక్కున్నాను. ఆ రోజుది కూడా తినేశాను. అలా రెండు రోజులు గడిచాయి. మూడోరోజు నేను క్యారేజీకి దూరంగా నీళ్ళట్యాంకు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. సాయంత్రం పుల్ల నా చెయ్యి వదల్లేదు. "నువ్వూ రా," అన్నాడు.

నాలుగో అంతస్తులో రెండు గదులు వాళ్ళవి. ఆవిడ ఇంట్లోనే చొక్కాలకి కాజాలు కుడుతుంది, కుట్టుమిషను కిటికీ పక్కన ఉంటుంది. అలవాటు కొద్దీ క్యారేజీ అందుకుని, బరువుకి ఆగిపోయింది. గిన్నెలు విప్పి చూసి, ముందు పుల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"జ్వరం లేదే. ఏమైంది మీకు?"

పుల్ల నా వైపు చూశాడు. నేనే చెప్పాను, కొత్త తొట్టి, గంట, నోట్‌బుక్, మొదటి డబ్బా, అన్నీ. అయ్యాక ఆవిడ మిషను దగ్గర కూర్చుని, ఎక్కించి ఉన్న దారాన్నే లాగి మళ్ళీ ఎక్కించింది.

"వారానికి మూడుసార్లు బంగాళాదుంపల వేపుడు చేస్తాను," అంది. "గిన్నె నాకినట్టు వచ్చేదని."

"నాకు ఇష్టం చెల్లెమ్మా," అన్నాను.

"అడుగున మాడిన చెక్కు కూడా వేసి పంపేదాన్ని."

"అదీ నాకే ఇష్టం."

"మొదట్లో రెండుసార్లు వంకాయ కూర చేశాను. రెండుసార్లూ ఇంచుమించు ఉన్నది ఉన్నట్టు తిరిగొచ్చింది. పడదు కాబోలని మళ్ళీ ఈ ఇంట్లో వంకాయ వండలేదు."

"నాకు పడదు," అన్నాను. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. తిన్నందుకు కాదు. ఒక మనిషి తన మొగుడికి ఏది ఇష్టమో పంతొమ్మిదేళ్ళు శ్రద్ధగా కనిపెట్టింది, కనిపెట్టినవన్నీ నా ఇష్టాలు.

ఆవిడ పుల్ల వైపు తిరిగింది. "మరి మీకేం ఇష్టం?"

అతను చాలాసేపు ఆలోచించాడు. పరీక్షలో కూర్చున్నంత కష్టపడ్డాడు. "మొదటి నాలుగు ముద్దలు," అన్నాడు చివరికి. "ఏ కూరైనా సరే. తర్వాతవి అంత బాగుండవు."

"అది కూర పేరు కాదు," అంది ఆవిడ. మాకు వీపు తిప్పి మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

మర్నాటి నుంచి క్యారేజీ పోయి డబ్బా వచ్చింది, అరచేతిలో పట్టేంతది. పుల్ల అందులోనూ ఎంతోకొంత మిగిల్చేవాడు. మూత పెట్టి సంచిలో వేసుకునేవాడు, ఇంటికెళ్ళాక ఆవిడ విప్పి చూసేది. ఏది ఎంత మిగిలిందో, ఏది అసలు ముట్టుకోలేదో. కొత్తగా కాపురానికి వచ్చినదానిలా మొదటి నుంచి నేర్చుకుంటోందని పుల్ల చెప్పాడు. కోపం పోయిందా అని అడిగితే, "వంట చేస్తోంది," అన్నాడు. అంతకంటే అతనికీ తెలియదు.

నా సంగతి చెప్పాలంటే మొదటి పదిరోజులు నరకం. ఆకలి వల్ల కాదు, నా రొట్టెముక్కలు నాకు సరిపోయేవే. ఒకరింటి వంట నాకు రోజూ దక్కేదన్న సంగతి అది ఆగిపోయాకే తెలిసింది. దానికి ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా అద్దం మీద సబ్బునీళ్ళు ఎక్కువగా పూశాను. తర్వాత తర్వాత, గిన్నెలో మిగిలిందానికి మూత పెట్టడం నేనూ నేర్చుకున్నాను, మొదట ఒక గుక్క టీతో, ఆపైన సగం రొట్టెతో. మూత పెట్టినందుకు ఆకాశమేమీ విరిగి పడలేదు.

గడువు రోజు పొద్దున్న సూపర్‌వైజర్ మేడ మీదకి వచ్చాడు. పుల్ల ఎక్కాడు. బకెట్లు రెండూ ఎక్కించాం. నేను కుడికాలు పెట్టాను, తర్వాత ఎడమకాలు. తొట్టి నోరెత్తలేదు. సూపర్‌వైజర్ గంట పనిచేస్తోందో లేదోనని తన కాలు కూడా ఒకటి లోపల పెట్టి చూశాడు. కూసింది. తీసేసి, "ఇక పని కానివ్వండి," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పుల్ల డబ్బా తెరిచాడు. వంకాయ కూర. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆవిడ మళ్ళీ చేసింది. నేను నా రొట్టె మీద దృష్టి పెట్టి, ఓరకంట అతని ముద్దలు లెక్కపెడుతూ కూర్చున్నాను. నాలుగయ్యాయి. ఐదోది కలిపాడు. చివరికి డబ్బా అంచుకి వేలు రాసి తుడిచి నాక్కోవడం కూడా చూశాను. ఖాళీ డబ్బాకి మూత పెట్టి, జాగ్రత్తగా సంచిలో అడుగున పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆవిడ దాన్ని విప్పుతుంది. నాకు వంకాయ పడదని ఆవిడకి తెలుసు.