కూర్మయ్య యాభై గ్రాముల రాయి

చీపురుపల్లి బజారులో కిరాణా కొట్టు కూర్మయ్యకి ఒకటే పిచ్చి. అయిదేళ్ళలోపు పిల్ల కంటబడితే త్రాసులో కూర్చోబెట్టి తూచేదాకా ఊరుకోడు. కందిపప్పు కోసం వచ్చినవాళ్ళు పిల్ల బరువు కూడా తెలుసుకుని వెళ్ళవలసిందే. తూచాక కొట్టు తలుపుకి ఆనించి నిలబెట్టి, నెత్తి ఎత్తున మేకుతో ఒక గీత. ముప్ఫై ఏళ్ళ గీతలతో ఆ తలుపు దువ్వెనలా తయారైంది.

"అప్పట్లో రెండేళ్ళ పిల్లలు ఈ గడియ కిందే ఆగిపోయీవోరు. ఇప్పుడోలు దాటేస్తన్నారు. పొడుగు సాగతన్నారు గానీ ఒంట్లో బరువేదీ? అంతా పొట్లాల తిండి," అని ఉప్పు కొనేవాళ్ళకి కూడా చెబుతాడు.

ఆ పొట్లాలు ఆయన కొట్టులోనే తోరణాల్లా వేలాడుతుంటాయి. బక్కపిల్లలు అడిగితే మాత్రం "అయిపోనాయి" అంటాడు.

"మరి ఆ యేలాడతన్నవేటి?"

"అందానికి."

హేమకి ఆ తలుపంటే భయం. ఆమె రెండేళ్ళ కూతురు సింధూరి గీత, వాళ్ళ నాన్న రెండేళ్ళనాటి గీతకి రెండు వేళ్ళు కింద పడింది. పిల్ల అన్నం చూస్తే మొహం తిప్పేస్తుంది. ఎదగదేమోనని హేమకి దిగులు. అయితే మూడు నెలలుగా బరువు పెరుగుతోంది. ఒకసారి నూట యాభై గ్రాములు, ఒకసారి నూరు, మళ్ళీ నూట యాభై. ప్రతిసారీ కూర్మయ్య బజారంతా వినబడేలా ప్రకటించాడు.

మూడోసారి ప్రకటించి పిల్లని దించుతుంటే గలగలమంది.

"ఇదేటమ్మా?"

"మా అత్త కట్టినాది మావయ్యా. తూస్తే దిష్టి తగుల్తాదంట."

తూకానికొకటి చొప్పున హేమ అత్త తవిటమ్మ మనవరాలికి విరుగుడు కడుతూ వచ్చింది. మొలతాడుకి రాగి బిళ్ళలు, మెడలో ఇత్తడి తాయెత్తు, కాళ్ళకి వెండి కడియాలు. కూర్మయ్య అన్నీ విప్పించి విడిగా తూచాడు. సరిగ్గా నాలుగు వందల గ్రాములు.

మూడు నెలలుగా ఎదిగింది విరుగుళ్ళే.

సంగతి తెలిసి తవిటమ్మ పరుగున వచ్చింది. "నీ కల్లే పెద్ద దిష్టి సావుకారూ!" అందిగానీ గొంతులో ఊపు లేదు.

కూర్మయ్య ఎవర్నీ తిట్టలేదు. "నర్సమ్మకి సూపించండి. నాకాడికీ రోజూ తేవాలి. నా యాబై గ్రాముల రాయి పోనాది, దాని బదులు గుడ్డెట్టి తూస్తాను. తూసీసిన గుడ్డు మరి నాకెందుకు? ఉడకబెట్టి పిల్లకెట్టీయండి," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు రాయి ఆయన గుప్పిట్లోనే ఉంది. హేమ చూసింది. "అలాగే మావయ్యా," అంది.

రెండు నెలలకి, ఒంటిమీద ఏమీ లేకుండానే, సింధూరి అయిదు వందల గ్రాములు పెరిగింది.

ఒక ఉదయం రైల్వే గేటు దగ్గర కోళ్ళ దుకాణంలో కూర్మయ్య అత్తాకోడళ్ళ కంటబడ్డాడు. గుడ్డు మాటెత్తితేనే తలస్నానం చేసే ఇల్లు ఆయనది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూస్తూ పన్నెండు గుడ్లు ఏరుతున్నాడు. ఊళ్ళో బక్కపిల్లలు పన్నెండు మంది.

"సంచిలో ఏటి సావుకారూ?" అడిగింది తవిటమ్మ.

"తూకపు రాళ్ళు."

తవిటమ్మ సంచిలోకి తొంగి చూసింది. ఆయన తువ్వాలు కేసి చూసింది.

"మెల్లగా ఎల్లు," అంది. "పగిలిపోగలవు."