ఆఖరుకు పెట్టిన అర్ర

వంటింటి గోడ టైల్స్ ఊడగొడుతుంటే పోయిన నెల ఒక పొద్దున ఇల్లంతా ఒక వాసన కమ్ముకుంది. పై అంతస్తు బాత్రూమ్ నుంచి ఏళ్ల తరబడి కారిన నీళ్లు టైల్స్ వెనక నిలిచి, సిమెంటును నానబెట్టి, చివరికి దాన్ని మన్ను చేసినట్టున్నాయి. ఎనిమిదో అంతస్తులో, కిటికీ తెరిస్తే ఆఫీసుల అద్దాలు తప్ప ఇంకేమీ కనబడని చోట, తడిసిన మట్టిగోడ వాసన రావడమే ఒక వింత. ఇదే పుప్పాలగూడలో నేను పుట్టిన ఇల్లు ఒక ఎండాకాలం చివర, కప్పు పెంకులు దింపి గోడలు మెత్తిన నాడు, సరిగ్గా ఇట్లాగే వాసన వేసింది.

నా కళ్ల సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో చుట్టూరా చీకటి, నడుమ మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొంత వెలుతురు ఉంది. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కలమందు ఉన్నదాన్ని కొంతకాలం ఆపుతుందనీ డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు రాసినదాన్ని. తగ్గుతున్న అంకె ఎటు పోతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేయకుండా, అందులో ఉంటూనే, గది తర్వాత గది బాగుచేయించాలని కొడుకూ కోడలూ నిర్ణయించారు. కోడలు సుధ గోదావరి వైపు పిల్ల. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పనులకు వరస కట్టడమే ఆమె ఉద్యోగం. ఫోన్‌లో రంగురంగుల గీతలతో వరస చూపించింది: ముందు వంటిల్లు, తర్వాత హాలు, పిల్లల గది, వాళ్ల గది.

"మీ గది అన్నిటికంటే చివర పెట్టానండి అత్తయ్యగారూ. మీకు దుమ్ము తగలకూడదు కదా" అంది.

ఆ మాటలో గౌరవం తప్ప మరేమీ లేదు. అందుకే నాకు భయం వేసింది. ఇదే గౌరవం మా నాయనమ్మకు జరగడం నేను తొమ్మిదేళ్ల వయసులో చూశాను.

మాది గూన ఇల్లు. కుమ్మరి చక్రం మీద చేసిన బోలు పెంకులను గూన అనేవాళ్లం. ముందు సాయబాను అనే వసారా, దాని వెనక నడిమి అర్ర, అంటే నడిమి గది, ఎడమకు వంటిల్లు, కుడికి గింజల అర్ర, అన్నిటికీ వెనక, పెరటి తలుపును ఆనుకొని, నాయనమ్మ అర్ర. నేను పుట్టకముందే ఆమె రెండు కళ్లలో పువ్వు పడి చూపు పోయింది. అయినా ఆమెను చెయ్యి పట్టుకొని నడిపించినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. తెల్లవారుజామున లేచి పెరట్లోకి పోయేది, ముఖం కడుక్కొని వంటింట్లో పొయ్యి ముందు కూర్చునేది, ఎండ ఎక్కేసరికి సాయబానులోకి వచ్చి స్తంభానికి వీపు ఆనించి, మధ్యాహ్నం దాకా చింతపండు గింజలు తీసేది. ఎండుమిరపకాయల బుట్ట దగ్గర తుమ్ము వస్తే కుడికి తిరగాలి, పాదానికి బండ చల్లగా తగిలితే నీళ్ల కుండల దగ్గర ఉన్నట్టు, ఉల్లిగడ్డల వాసన వస్తే నడిమి అర్ర గడప వచ్చినట్టు. గోడ మీద ఆమె అరచేయి తిరిగిన మేర జాజు, ఆ ఎర్రమన్ను పూత, చెరిగిపోయి, నడుము ఎత్తున ఒక నున్నటి చార ఇల్లంతా చుట్టివచ్చేది. సాయబానులో కూర్చొని, వీధిలో పోయేవాళ్ల అడుగుల చప్పుడు విని పేరు పెట్టి పిలిచి, ఎవరింట్లో ఏం కూర వండారో కూడా అడిగేది. మేము పిల్లలం ఆమె పక్కనే కచ్చకాయలు ఆడేవాళ్లం, కాయ కింద పడిన చప్పుడును బట్టి ఎవరు తొండి చేశారో ఆమే చెప్పేది.

మా ఎండాకాలాలు పొడుగైనవి. చద్ది అంబలిలో ఉల్లిగడ్డ నంజుకొని పొద్దునే గుట్టల మీదికి పోతే, బండలు కాలేదాకా అక్కడే. మధ్యాహ్నం తాటిముంజలు, పచ్చి మామిడికాయ ముక్కల మీద ఉప్పుకారం, సాయంత్రం చింతచిగురు పప్పు, రాత్రి వాకిట్లో నులకమంచాల మీద నిద్ర. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు అంటుంటే, మా రోలు ఎప్పుడు పగులుతుందా అని నేను రోజూ పోయి చూసేదాన్ని. ఆ రోహిణిలోనే, మిరుగం రాకముందే, గూన సర్దాలి. మృగశిర కార్తెను మా వైపు మిరుగం అనేవాళ్లు. ఆ రోజు ఇంగువ కలిపిన బెల్లం ముద్ద నోట్లో వేసుకోవాలి, చినుకు పడగానే విత్తనాలకు పోవాలి, అప్పటికి ఇంటి కప్పు సిద్ధంగా ఉండాలి. ఏటా అది చిన్న పనే. కుమ్మరి రాజయ్య కప్పెక్కి పగిలిన గూన తీసి కొత్తది పెట్టేవాడు. ఒక అర్రకు ఒక పూట, సాయంత్రానికి ఎక్కడి బుట్ట అక్కడికి వచ్చేది.

ఆ ఏడు మాత్రం నడిమి అర్ర వాసాలకు చెద పట్టింది. ఒకచోట చిన్న కర్రతో పొడిస్తే పిండిలా రాలింది. దాంతో ఇంటి కప్పంతా దింపి, వాసాలు మార్చి, గోడలు మెత్తి, నేల కొట్టించి, జాజు, సున్నం వేయించాలని మా నాయన నిర్ణయించాడు. అందరూ ఇంట్లోనే ఉండాలి. కాబట్టి ఏ అర్ర ముందు, ఏది వెనక అన్నది పెద్ద మాట అయింది. రాత్రి అన్నాలప్పుడు, కల్లంలో, బావి దగ్గర, అన్నిచోట్లా అదే ముచ్చట. గింజల అర్ర ముందని అమ్మ, చెద పట్టింది నడిమి అర్రకు కాబట్టి అదే ముందని నాయన.

నాయనమ్మ ఎవరూ అడగకుండానే అంది: "నాది ముందు చెయ్యిండ్రి."

నాయన నవ్వి, ముసలితనానికి తొందరెక్కువ అన్నాడు. అసలు కారణం ఆయన అమ్మతో చెప్పగా విన్నాను. కళ్లు లేని తల్లిని అందరికంటే ముందు అర్రలోంచి తీసి రోహిణి ఎండలో చెట్టు కింద కూర్చోబెడితే ఊరు ఏమంటుంది? కన్నతల్లిని బయటపెట్టి ఇల్లు కట్టుకున్నాడంటుంది. అమ్మ కూడా అదే మాట మెత్తగా చెప్పింది: "నీది ఆఖరుకు, అత్తమ్మా. అప్పటిదాంక నిన్నెవ్వరు కదిలియ్యరు."

"ఆఖరు బంతిల కూసున్నోనికి అడుగంటిన బువ్వే బిడ్డా" అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. ఆమె సామెతలకు నవ్వడం మాకు అలవాటు.

నడిమి అర్ర కప్పు దిగిన రోజు అందులోని సామాను అంతా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. వంటింట్లో పెడితే రేపు మళ్లీ మోయాలి, గింజల అర్రలో పెడితే ఎల్లుండి మోయాలి. ఆఖరుదాకా కదలని అర్ర ఒక్కటే. కాబట్టి దూలాల కింది సందుకపెట్టె, బొంతల మూట, ఇత్తడి గుండిగలు నాయనమ్మ అర్రకే చేరాయి. తర్వాత వంటిల్లు: తొక్కు జాడీలు, మిరపకాయల బుట్ట, ఉల్లిగడ్డల అల్లిక. తర్వాత గింజల అర్ర: జొన్నల గంపలు ఒకదాని మీద ఒకటి, ఆమె మంచం పట్టెకు తగిలేదాకా. ఎవరూ తప్పు చేయలేదు. ప్రతి మోతా తెలివైన మోతే. కాని ఇంట్లో దారి చూపే వాసనలన్నీ ఇప్పుడు ఒకే అర్రలో, ఆమె చుట్టూ పోగుపడ్డాయి. మిగతా ఇల్లు కొత్త సున్నం ఒక్కటే వాసన కొట్టేది. గోడమీది చార కూడా జాజు కింద పోయింది. ఒకరోజు ఆమె సాయబానులోకి వద్దామని లేచి, గంపను తట్టుకొని, ఇటు తిరిగి గుండిగను తట్టుకొని, మళ్లీ మంచం మీద కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుంటానంటే వద్దంది.

ఆ పూట అమ్మ ఇంకో గంప తెచ్చి దించుతుంటే ఆమె తడిమి చూసి అడిగింది: "ఏందే, జొన్నల తోటి నన్ను గూడ పాతరేస్తున్నవా?"

జొన్నలు దాచే నేలగుంతను పాతర అంటాం. చచ్చినవాళ్లను పాతర వేయడమన్నా అదే మాట. అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఎంతదాకా నవ్వో ఇప్పుడు చెప్పలేను.

ఇంకో నాలుగు రోజులైతే ఆమె అర్ర వంతు. మిరుగం ఆ ఏడు చెప్పినట్టే వచ్చింది, చినుకు మాత్రం ముందే వచ్చింది. మొదటి వాన పడగానే విత్తనాలు వేయడానికి రాజయ్య తన చెలకకు పోయాడు, నాయన మా చెలకకు పోయాడు, ఊళ్లో మట్టి పట్టే చెయ్యి ఒక్కటీ మిగల్లేదు. కొత్తగా అలికిన నేలలు ఆరకపోవడంతో సామాను వెనక్కి మోయడం కుదరలేదు. నేలలు ఆరేసరికి కలుపులు వచ్చాయి. పాత గూన కింద, కారే చోటల్లా గిన్నెలు పెట్టుకొని, నాయనమ్మ ఆ వానాకాలమంతా మంచం మీదనే ఉంది. అన్నం అక్కడికే పోయింది, చెంబు అక్కడికే పోయింది. రేపు ఖాళీ చేస్తామని నాయన ప్రతి ఆదివారం అనేవాడు, అన్నప్పుడు నిజంగానే అనుకునేవాడు.

బతుకమ్మకు మలీద ముద్దలు చేయడానికి ఇత్తడి గుండిగ కావలసివచ్చి చివరికి అర్ర ఖాళీ చేశారు. అమ్మ నేల అలికి, ముగ్గు వేసి, తలుపు బార్లా తెరిచి, సాయబానులోకి రమ్మని పిలిచింది. పిల్లలమంతా చప్పట్లు కొడుతూ పాట అందుకున్నాం. నాయనమ్మ కాళ్లు కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి, కొంతసేపు అట్లాగే నిలబడింది. చేతులకు ఏమీ తగల్లేదు. మెల్లగా వెనక్కి కూర్చుంది.

"తోవ పోయిందే బిడ్డా" అంది.

ఆ తర్వాత రెండేళ్లు బతికింది. మేము చెయ్యి పట్టుకుంటే లేచేది, వదిలితే ఉన్నచోటనే ఆగేది. వీధిలో అడుగుల చప్పుడు అర్రదాకా వినిపించేది కాదు, కాబట్టి ఎవరినీ పిలవడం మానేసింది. ఆమె అర్ర కప్పు ఆమె పోయాకనే మార్చారు.

ఇదంతా నేను కొడుక్కూ కోడలికీ చెప్పాను. ఉన్న చూపుతో కొత్త గదిని ఒకసారి చూసుకొని నేర్చుకుంటే, చూపు పోయాక కూడా నా పనులు నేను చేసుకోగలుగుతాననీ, అందుకే నాది ముందు చేయమనీ అడిగాను. సుధ కళ్లనీళ్లు పెట్టుకుంది. అయితే వంటింటి గోడ కారడం ఆగకపోతే కింది ఫ్లాట్ వాళ్లు ఊరుకోరట, టైల్స్ అప్పటికే వచ్చి పార్కింగ్‌లో ఉన్నాయట, వరస మారిస్తే పనివాళ్ల తేదీలన్నీ మారతాయట. కొడుకు నా పక్కన కూర్చొని, "మూడు నెలలే కదమ్మా, జర ఓపిక పట్టు" అన్నాడు. వాళ్లు చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నా దగ్గర మూడు నెలలు ఉన్నాయో లేదో వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గూన చేసే చక్రాలు లేవు, గుట్టలను పేల్చి టవర్లు కట్టారు, రోహిణికీ మిరుగానికీ మధ్య ఎవరికీ తొందర లేదు. పాతర అంటే నా మనవడికి ఒక్క అర్థమూ తెలియదు. ముసలివాళ్లను ఆఖరున పెట్టే మర్యాద ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు.

వంటిల్లు మొదలుపెట్టినప్పుడు ఫ్రిజ్ నా గదికి వచ్చింది. ఆ వెంట మిక్సీ, గ్యాస్ సిలిండర్, డబ్బాల అట్టపెట్టెలు. టైల్స్ ఊడగొట్టాక పనివాళ్లు ఊరికి పోయి ఇంకా తిరిగి రాలేదు. నిన్న మధ్యాహ్నం అందరూ ఆఫీసులకు పోయాక, నేను కళ్లు మూసుకొని మంచం దగ్గర నుంచి బాత్రూమ్ తలుపు దాకా నడిచి చూసుకున్నాను. ఫ్రిజ్ అంచు, దాని వెచ్చదనం, తర్వాత అట్టపెట్టెల వరస, మోకాలి దగ్గర సిలిండర్ చల్లదనం, ఆ తర్వాత ఒక మనిషి పట్టేంత సందు. మొదటిసారి పెట్టె తగిలింది. తర్వాత తగల్లేదు. ఈ తోవ నాకు వచ్చేసింది. ఇవన్నీ ఒకరోజు తీసేస్తారు, గది చక్కగా, విశాలంగా, ఎక్కడా చేతికి ఏమీ తగలకుండా ఉంటుంది. అప్పటికి ఇంకో తోవ నేర్చుకునేంత వెలుతురు నాకు మిగలదు.